గండి పడ్డాక మట్టి ఎక్కణ్నుంచి?

కొల్లేరును ఆకాశం నుంచి చూడటానికి ఇప్పుడు విమానం ఎక్కనక్కర్లేదు. ఏలూరు పాత బస్టాండులో బస్సు కోసం నిలబడ్డవాళ్లు కూడా ఫోన్ తీసి, ఉపగ్రహ పటం తెరిచి, రెండు వేళ్లతో పెద్దది చేసుకుని చూడొచ్చు. ఉత్తరాన ఏలూరు, దక్షిణాన కైకలూరు, ఆకివీడు. నడుమ గళ్లు గళ్లుగా చేపల చెరువులు, వాటి గట్లు, గుర్రపుడెక్క పరుచుకున్న మడుగులు, అక్కడొకటి ఇక్కడొకటిగా లంక గ్రామాలు. కిందికి దిగితే సముద్రం వైపు పారే ఉప్పుటేరు.

ఈ బొమ్మలు కాలక్షేపానికి తీసినవి కావు. 2004లో ఆంధ్ర విశ్వవిద్యాలయం భూగోళశాస్త్రవేత్తలు కె. నాగేశ్వరరావు, జి. మురళీకృష్ణ, బి. హేమమాలిని మన ఐఆర్‌ఎస్-1డి ఉపగ్రహం తీసిన చిత్రాలను కంప్యూటర్‌లో విశ్లేషించి, కొల్లేరు మాయమైపోతోందని ‘కరెంట్ సైన్స్’ పత్రికలో రాశారు. సరస్సులో నలభై శాతం పైగా అప్పటికే చేపల చెరువుల కిందికి పోయిందని లెక్క తేల్చారు. రెండేళ్లకు, 2006లో, ప్రభుత్వం ‘ఆపరేషన్ కొల్లేరు’ పేరుతో అక్రమ చెరువుల గట్లు తెగ్గొట్టించింది. ఆ తరవాత ఎక్కడ నీరు నిలిచింది, ఎక్కడ మళ్లీ గట్టు లేచింది అన్న వాదన వచ్చినప్పుడల్లా అందరూ వెతికేది పాత బొమ్మ, కొత్త బొమ్మ పక్కపక్కన పెట్టి చూడటానికే. మనుషులు మాట మార్చొచ్చు. ఫలానా ఏడాది ఫలానా నెలలో తీసిన చిత్రం మారదు.

మారకపోవడం సరే, పోకుండా ఉండాలి కదా. ఇరవై ఏళ్ల నాటి ఆ చిత్రం ఈ రోజుకీ తెరుచుకుంటోందంటే దాన్ని ఎవరో ఎక్కడో భద్రంగా దాస్తున్నారన్నమాట. ఎక్కడ?

ఒక్కచోట కాదు. అదే ఈ కథ. అమెరికా వాళ్ల ల్యాండ్‌శాట్ ఉపగ్రహాలు 1972 నుంచి భూమిని ఫొటోలు తీస్తున్నాయి. 2008 నుంచి ఆ భాండాగారం అందరికీ ఉచితం. ఐరోపా వాళ్ల సెంటినెల్ చిత్రాలూ ఉచితమే. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం 2009 నుంచి ‘భువన్’ ద్వారా మన చిత్రాలు చూపిస్తోంది. ఇలాంటి చిత్రం ఒక్కొక్కటి వందల మెగాబైట్లు ఉంటుంది. ప్రపంచమంతా కలిపితే అవి ఏ ఒక్క కంప్యూటర్‌లోనూ పట్టవు. పట్టినా ఒక్కదాంట్లో పెట్టకూడదు, ఎందుకంటే హార్డ్‌డిస్కులు పోతాయి.

ఇంట్లో ఒక డిస్కు పోవడం దురదృష్టం. డేటా సెంటర్‌లో అది దినచర్య. ఏడాదికి నూటికి రెండు డిస్కులు చెడిపోతాయనుకుందాం. పదివేల డిస్కులున్న గదిలో ఏడాదికి రెండు వందలు పోతాయి, అంటే రెండు రోజులు తిరక్కుండా ఒకటి. డిస్కులే కాదు, కరెంటు సప్లై పెట్టెలు, స్విచ్చులు, కేబుళ్లు, ఒక్కోసారి మొత్తం ర్యాకు. 2003లో గూగుల్ ఇంజనీర్లు సంజయ్ ఘెమావత్, హోవార్డ్ గోబియాఫ్, షున్-టక్ లియాంగ్ తమ ఫైల్ సిస్టమ్ గురించి రాసిన వ్యాసంలో మొదట చెప్పిన విషయాల్లో ఇదొకటి: భాగాలు చెడిపోవడం అరుదుగా జరిగేది కాదు, ఎప్పుడూ జరిగేదే. యంత్రం చెడకుండా చూడటం వాళ్లు వదిలేశారు. చెడిపోయినా పని ఆగకుండా చూడటం మీద పడ్డారు.

వాళ్ల పద్ధతి సూటిగా ఉంటుంది. ఏ ఫైలునైనా 64 మెగాబైట్ల ముక్కలు చేస్తారు. కొల్లేరు బొమ్మ 640 మెగాబైట్లనుకుంటే పది ముక్కలు. ఒక్కో ముక్కకు మూడు ప్రతులు తీసి మూడు వేర్వేరు యంత్రాల్లో పెడతారు. ఏ ముక్క ఎక్కడుందో ఒక పెద్ద యంత్రం చిట్టా రాసుకుంటుంది. మిగతా యంత్రాలన్నీ ‘బతికే ఉన్నాను’ అని దానికి ఎప్పటికప్పుడు కబురు పెడుతుండాలి. కబురు ఆగితే ఆ యంత్రం పోయినట్టే లెక్క; దాని దగ్గరున్న ముక్కలకు మిగిలిన ప్రతుల నుంచి మళ్లీ కొత్త ప్రతి తీస్తారు. ఈ వ్యాసం చదివి బయటివాళ్లు కట్టుకున్న వ్యవస్థే హడూప్. అది ఎవరైనా ఉచితంగా దించుకుని వాడుకోవచ్చు.

మూడు ప్రతులంటే మూడింతల ఖర్చు. వంద డిస్కుల సమాచారానికి మూడు వందల డిస్కులు కొనాలి, అన్నిటికీ కరెంటు కట్టాలి, అన్నిటినీ చల్లబరచాలి. సమాచారం కొద్దిగా ఉన్నప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. కోట్లమంది తీసిన ఫొటోలు గుట్టలు పడేసరికి కంపెనీలు లెక్కలు తెలిసిన వాళ్ల తలుపు తట్టాయి.

అంకెలతో చూస్తే ఆ లెక్క ఎంత తేలికో తెలుస్తుంది. కైకలూరు దగ్గర ఒక రైతుకు మూడు చెరువులున్నాయనుకుందాం. ఈ పట్టుబడికి మొదటి చెరువులో 12 టన్నులు, రెండోదాంట్లో 7, మూడోదాంట్లో 9 టన్నుల చేపలు వచ్చాయి. ఒక్కో లెక్క ఒక్కో పుస్తకంలో రాసి ఒక్కో ఇంట్లో పెట్టారు. ఏ రెండు పుస్తకాలు పోయినా అంకెలు పోకూడదంటే ప్రతి పుస్తకానికీ మూడు ప్రతులుండాలి. మొత్తం తొమ్మిది పుస్తకాలు.

అయిదు చాలు. నాలుగో పుస్తకంలో మూడింటి మొత్తం రాస్తే 28. అయిదోదాంట్లో మొదటి అంకెను ఒకసారి, రెండోదాన్ని రెండుసార్లు, మూడోదాన్ని మూడుసార్లు కూడాలి: 12, 14, 27 కలిపి 53. ఇప్పుడు రెండో చెరువు, మూడో చెరువు పుస్తకాలు రెండూ వరదకు పోయాయి. చేతిలో మిగిలినవి 12, 28, 53. ఇరవై ఎనిమిదిలో 12 తీస్తే 16, అంటే పోయిన రెండు అంకెలూ కలిపి 16. యాభై మూడులో 12 తీస్తే 41, అంటే రెండోదానికి రెండింతలు, మూడోదానికి మూడింతలు కలిపితే 41. పదహారుకి రెండింతలు 32. నలభై ఒకటిలో 32 పోతే 9. మూడో చెరువు దొరికింది. పదహారులో 9 పోతే 7. రెండోదీ దొరికింది. అయిదు పుస్తకాల్లో ఏ రెండు తీసేసి చూసినా ఇలాగే తిరిగొస్తాయి. నమ్మకం లేనివాళ్లు పెన్సిలు తీసుకోవచ్చు.

దీన్ని 1960లోనే ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సాలొమన్ అనే ఇద్దరు అమెరికన్ గణితవేత్తలు సమగ్రంగా రాసిపెట్టారు. అసలు పద్ధతిలో కూడికలు మామూలు కూడికలు కావు, బైట్ల పరిధి దాటకుండా చుట్టుతిరిగి వచ్చే ప్రత్యేక అంకగణితం. సూత్రం మాత్రం ఇదే. గీతలు పడ్డ సీడీ పాడటం, వాయేజర్-2 యురేనస్ దగ్గర నుంచి పంపిన బొమ్మలు చెడకుండా భూమికి చేరడం, టీ కొట్టులో అంటించిన క్యూఆర్ కోడ్ ఓ మూల చిరిగినా ఫోన్ చదవగలగడం, అన్నీ ఈ ఇద్దరి చలవే. డిస్కుల విషయానికొస్తే, పది ముక్కల సమాచారానికి ఇలాంటి నాలుగు లెక్క ముక్కలు కలిపి పద్నాలుగు యంత్రాల్లో పెడితే ఏ నాలుగు యంత్రాలు పోయినా భయం లేదు. ఖర్చు మూడింతలు కాదు, 1.4 ఇంతలు. ఈ విద్యకు ఎరేజర్ కోడింగ్ అని పేరు.

ఇంత లాభం ఉంటే అందరూ మొదటి నుంచీ ఇదే ఎందుకు చేయలేదు?

మూడు ప్రతుల పద్ధతిలో ఒక ప్రతి పోతే ఇంకో ప్రతి చూసి రాసుకుంటే అయిపోతుంది. కోడింగ్‌లో అలా కుదరదు. పై లెక్కలో పోయిన అంకె ఒక్కటి కావాలన్నా మూడు పుస్తకాలు తెరవాల్సిందే. పది-నాలుగు పద్ధతిలో 256 మెగాబైట్ల ముక్క ఒకటి పోతే, దాన్ని తిరిగి కట్టడానికి పది యంత్రాల నుంచి పది ముక్కలు, అంటే రెండున్నర జీబీ, నెట్‌వర్క్ మీద రప్పించుకోవాలి. ఫేస్‌బుక్ డేటా సెంటర్‌లో దీన్ని కొలిచి చూసిన వ్యాసం 2013లో వచ్చింది. అక్కడ వేల యంత్రాలున్న ఒక గుంపులో రోజుకు యాభైకి పైగా యంత్రాలు పావుగంట మించి పలకకుండా పోతున్నాయి. వాటి ముక్కలను బాగుచేయడానికే ర్యాకుల మధ్య రోజుకు 180 టెరాబైట్లకు పైగా సమాచారం అటూ ఇటూ పరుగెడుతోంది. వాడుకరులు అడిగిన పని కాదిది, కేవలం మరమ్మతు. డిస్కుల మీద మిగిలిన డబ్బు కేబుళ్ల మీద, స్విచ్చుల మీద పోతోందన్నమాట. నిల్వ సమస్య కాస్తా నెట్‌వర్క్ సమస్య అయి కూర్చుంది.

కొల్లేరు మనుషులకు ఇది కొత్త కాదు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు మళ్లింపు కాలువకు మూడు గండ్లు పడి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి. బుడమేరు చివరికి వచ్చి కలిసేది కొల్లేరులోనే. ఆ గండ్లు పూడ్చటానికి సైన్యాన్ని కూడా పిలిపించారు. గండి పడ్డప్పుడు లోకంలో మట్టి లేక కాదు ఇబ్బంది. మట్టి దూరంగా ఉండటం, మోసుకొచ్చే దారి ఇరుకుగా ఉండటం ఇబ్బంది. పక్క గట్టు మీదే కాస్త మట్టి పోసి ఉంచుకున్న రైతు రాత్రికి రాత్రి పూడ్చేసుకుంటాడు. లారీల కోసం చూసేవాడి చెరువు తెల్లారేసరికి ఖాళీ.

హైదరాబాద్ గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీలో పనిచేసే వడ్లమాని లలిత పరిశోధన ఈ దగ్గరి మట్టి గురించే. బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆచార్యుడు పి. విజయ్‌కుమార్ దగ్గర ఆమె పీహెచ్‌డీ చేశారు. విజయ్‌కుమార్ కోడింగ్ సిద్ధాంతంలో పెద్ద పేరు. ఆయన భాగస్వామిగా కనిపెట్టిన సంకేతాల వరసల కుటుంబం ఒకటి 3జీ మొబైల్ ప్రమాణంలోకి ఎక్కింది. 2010 ప్రాంతంలో ఆయన బృందం డిస్కుల వైపు మళ్లింది. అప్పుడు ఆ ప్రయోగశాల నుంచి వచ్చిన వ్యాసాల్లో వి. లలిత అన్న పేరు తరచుగా కనిపిస్తుంది. తెలుగు పత్రికల్లో మాత్రం ఇలాంటి పేర్లు కనిపించడం తక్కువే. అమెరికా కంపెనీకి అధిపతి అయితేనే మనం పేరు గుర్తుపెట్టుకుంటాం.

అసలు విషయానికొద్దాం. ఫేస్‌బుక్ కొలతల్లోనే ఒక కీలకం దాగి ఉంది. ఏదైనా పోయిన పద్నాలుగు ముక్కల కట్టల్లో 98 శాతం చోట్ల పోయింది ఒకే ఒక్క ముక్క. నాలుగు పోవడానికి సిద్ధంగా ఉండాల్సిందే, కానీ రోజూ జరిగేది ఒకటి పోవడం. రోజూ జరిగేది చౌకగా తేలాలి, ఎప్పుడో జరిగేది కాస్త ఖరీదైనా ఫరవాలేదు.

2012లో మైక్రోసాఫ్ట్ తన అజూర్ నిల్వ కోసం ప్రకటించిన పద్ధతి ఇలా ఉంటుంది. పన్నెండు ముక్కలు. వాటిని ఆరేసి చొప్పున రెండు జట్లు చేస్తారు. ఒక్కో జట్టుకు సొంత మొత్తం ఒకటి. పన్నెండింటికీ కలిపి ఇంకో రెండు పెద్ద లెక్కలు. మొత్తం పదహారు. ఒక ముక్క పోతే దాని జట్టులో మిగిలిన అయిదు, జట్టు మొత్తం ఒకటి, ఆరు చదివితే చాలు. పాత పద్ధతిలో పన్నెండు చదవాలి. పెద్ద లెక్కలు రెండూ పెద్ద వరద కోసం పక్కన ఉంటాయి. ఖర్చు 1.33 ఇంతలు. జట్టు లోపలే మరమ్మతు జరిగే ఈ లక్షణాన్ని లొకాలిటీ అంటారు. జట్టు ఎంత చిన్నదైతే అదనంగా ఎన్ని ముక్కలు దాచుకోవాలి అన్న హద్దును ఆ కంపెనీ పరిశోధకులే గణితంగా రాశారు.

అయితే జట్టుకు ఒకే మొత్తం ఉంటే, ఆ జట్టులోనే రెండు పోయిన రోజున మళ్లీ దూరానికి పరుగెత్తాలి. ఆ బెంగళూరు బృందంలోని ప్రకాశ్, గోవింద కామత్, లలిత, విజయ్‌కుమార్ కలిసి 2012లో అదే పట్టుకున్నారు. జట్టులో ఒకటి కాదు, రెండో మూడో పోయినా జట్టులోనే తేల్చుకునేలా కోడ్ రాయాలంటే ఏం వదులుకోవాలి, ఎంతకు తగ్గకుండా దాచుకోవాలి అన్న హద్దు గీశారు. ఆ హద్దును ముట్టుకునే కోడ్లు కట్టి చూపించారు. ఈ రంగంలో ఇదే మర్యాద: ‘ఇంతకంటే బాగా చేయలేం’ అని నిరూపించాలి, వెంటనే ‘ఇదిగో అంత బాగా చేశాం’ అని చూపించాలి. రెండూ చేస్తేనే పని పూర్తయినట్టు.

ఇంకో దారి కూడా ఉంది. దాన్ని 2007లో అలెగ్జాండ్రోస్ డిమాకిస్, ఆయన సహచరులు తెరిచారు. సాయం చేసే యంత్రం తన ముక్క మొత్తం ఎందుకు పంపాలి? తన దగ్గరే కాస్త లెక్క చేసి, అవసరమైన మేరకే పంపితే? నాలుగు యంత్రాల్లో ఒక్కో మెగాబైటు ఉంది, ఏ రెండు మిగిలినా మొత్తం తిరిగొస్తుందనుకోండి. ఒకటి పోతే మామూలుగా రెండు యంత్రాల నుంచి రెండు మెగాబైట్లు తెచ్చుకోవాలి. ఈ కొత్త పద్ధతిలో మిగిలిన మూడు యంత్రాలూ తలో అర మెగాబైటు పంపుతాయి. మొత్తం ఒకటిన్నర. ఎక్కువమందిని అడిగి, ఒక్కొక్కరి దగ్గర తక్కువ తీసుకోవడం. వీటిని రీజెనరేటింగ్ కోడ్లంటారు.

ఒక దారి ‘తక్కువమందిని అడుగు’ అంటుంది. రెండోది ‘ఎక్కువమందిని అడిగి, తక్కువ తీసుకో’ అంటుంది. వినడానికి ఒకదానికొకటి పొసగవు. ఈ రెంటినీ ఒకే ఒరలో ఇమిడ్చిన వ్యాసం అదే నలుగురి పేర్లతో 2014లో అచ్చయింది: జట్టు చిన్నదే, ఆ జట్టు లోపల ఒక్కొక్కరూ పంపేదీ తక్కువే. వ్యాసం నిండా మాత్రికలు, అసమానతలు ఉంటాయి. ఒక్క డిస్కు బొమ్మ కూడా ఉండదు. కానీ దాని ఫలితం ఏ స్విచ్చు ఎంత వేడెక్కుతుందో నిర్ణయించే రకం.

ఇక్కడ ఒక అభ్యంతరం రావాలి. ఏ యంత్రం ఎంతసేపు బతికుంటుందో, ఎవరు ఎంత సాయం చేస్తారో తెలియకుండా లెక్కలు కడితే అవి కాగితం మీదే బాగుంటాయి. కొలవడం కూడా పరిశోధనే. ఆ పనిలో పేరు తెచ్చుకున్నవాళ్లలో గుమ్మడి కృష్ణ ఒకరు. ఐఐటీ మద్రాసులో చదివి, వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి, జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సాఫ్ట్‌వేర్ సిస్టమ్స్ సంస్థలో స్థిరపడ్డారు.

ఆయన విద్యార్థిగా ఉన్న రోజుల్లో నాప్‌స్టర్, నుటెల్లా అంటే కుర్రకారుకు పిచ్చి. ఎవరి కంప్యూటర్‌లో పాట ఉంటే వాళ్ల దగ్గర నుంచి నేరుగా దించుకోవడం. డేటా సెంటర్ లేదు, యజమాని లేడు. అందరూ సమానం, అందరూ ఇచ్చి పుచ్చుకుంటారు అన్నది దాని సిద్ధాంతం. స్తెఫాన్ సరోయు, కృష్ణ, స్టీవెన్ గ్రిబుల్ 2002లో కొలిచి చూస్తే అలా ఏమీ లేదు. సగానికి సగం మంది గంటకు మించి నిలవడం లేదు. నుటెల్లాలో పావు వంతు వాడుకరులు ఒక్క ఫైలు కూడా ఇవ్వకుండా తీసుకుపోయేవాళ్లే. మరుసటి ఏడాది కజా అనే ఇంకో వ్యవస్థ మీద, విశ్వవిద్యాలయం గుమ్మం దగ్గర కూర్చుని ఆరు నెలలకు పైగా, 20 టెరాబైట్లు దాటిన రాకపోకలను గమనించారు. వెబ్ పేజీని మనిషి మళ్లీ మళ్లీ తెరుస్తాడు. పాటను, సినిమాను ఒక్కసారే దించుకుంటాడు. అందుకని జనాదరణ లెక్కలు రెండుచోట్లా ఒకేలా నడవవని తేలింది. బయటి నుంచి దిగుతున్న వాటిలో చాలావరకు అప్పటికే విశ్వవిద్యాలయంలో ఎవరో ఒకరి దగ్గర ఉన్నవే అన్నది ఇంకో ఫలితం. మళ్లీ అదే మాట: వస్తువు పక్కనే ఉంది, తెచ్చుకుంటున్నది దూరం నుంచి.

అదే 2003లో కృష్ణ మరికొందరితో కలిసి ఇంకో ప్రశ్న వేశారు. యజమాని లేని నెట్‌వర్కులో ఏ ముక్క ఎక్కడుందో వెతకాలంటే యంత్రాలను ఏదో ఒక ఆకారంలో ముడివేయాలి. చెట్టులా, వలయంలా, ఘనాకారంలా, ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. మధ్యలో యంత్రాలు రాలిపోతుంటే ఏ ఆకారం తట్టుకుంటుంది? అన్నిటికన్నా సాదాగా కనిపించే వలయమే పక్కదారులు ఎక్కువ ఇచ్చి నిలబడుతుందని వాళ్ల విశ్లేషణ చూపింది. తరవాతి కాలంలో ఆయన సోషల్ నెట్‌వర్కుల కొలతలకు, అటుపైన అల్గారిదంలు మనుషులను సమానంగా చూస్తున్నాయా అన్న పరిశోధనకు వెళ్లారు. అది వేరే వ్యాసం.

డిస్కులు ఒక్కొక్కటిగా పోతే ఇంత లెక్కా సరిపోతుంది. అవి కూడబలుక్కుని పోయే రోజులుంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు కరెంటు, ఫోన్లు, టవర్లు ఒకేసారి మూగబోయాయి. అలాంటి రోజున మూడు ప్రతులూ ఒకే ఊళ్లో ఉంటే మూడున్నా సున్నా కిందే లెక్క. అందుకే ఎన్ని దాచాం అన్నదానికంటే ఎక్కడెక్కడ దాచాం అన్నది పెద్ద ప్రశ్న. హడూప్ మామూలుగా మొదటి ప్రతిని ఒక ర్యాకులో, మిగతా రెండింటినీ ఇంకో ర్యాకులో పెడుతుంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లో తెరిచిన క్లౌడ్ ప్రాంతం నిజానికి మూడు విడివిడి మండలాలు. ఒకదాని కరెంటు పోయినా, ఒకదాంట్లో నీళ్లు చేరినా మిగతావి నడవాలి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు 1500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించిన దగ్గర్నుంచి డేటా సెంటర్ అన్న మాట మన రాజకీయ సభల్లో కూడా వినిపిస్తోంది. ఎకరాలు, ఉద్యోగాలు, కరెంటు గురించి మాట్లాడేవాళ్లు, ముక్కలు ఎక్కడెక్కడ పెడతారన్నది కూడా అడిగితే బాగుండు.

ఊళ్ల మధ్య కూడా కోడింగ్ చేయొచ్చు. ఫేస్‌బుక్ 2014లో బయటపెట్టిన ఎఫ్4 అనే నిల్వలో, ఒక్కో డేటా సెంటర్ లోపల పది-నాలుగు కోడ్ ఉంటుంది. రెండు సెంటర్లలోని ముక్కలను కలిపిన లెక్క మూడో సెంటర్‌లో ఉంటుంది. అంతకుముందు 3.6 ఇంతలున్న ఖర్చు దీంతో 2.1కి దిగింది. గీసి చూస్తే ఇదొక పట్టిక: అడ్డవరసలు ఊళ్లు, నిలువు వరసలు యంత్రాలు. అడ్డంగా కొన్ని మొత్తాలు, నిలువుగా కొన్ని, అందరికీ కలిపి ఇంకొన్ని. ఇలాంటి పట్టికలో ఏ ఏ గళ్లు ఒకేసారి చెరిగిపోయినా తిరిగి నింపొచ్చు? ఆ ఆకారంలో ఏ కోడ్ అయినా తట్టుకోగలిగిన ప్రతి నష్టాన్నీ తట్టుకునే కోడ్ రాయగలమా? అడగటానికి సుడోకులా తేలిక. జవాబు మాత్రం గణితవేత్తలను ఏడిపిస్తోంది. లలిత, మరో ముగ్గురు 2018లో ఈ పట్టికల కోడ్ల మీద ఒక వ్యాసం తెచ్చారు. సమస్య పూర్తిగా తేలలేదు. కొన్ని ఆకారాలకు జవాబుంది, చాలావాటికి లేదు.

తేలిన భాగమైతే మన కాలేజీల దాకా వచ్చేసింది. 2017 డిసెంబరులో విడుదలైన హడూప్ 3.0లో ఎరేజర్ కోడింగ్ భాగమైంది. ఆ పనిలో చేయి వేసినవాళ్లలో గంగుమళ్ల ఉమామహేశ్వరరావు పేరుంది. హడూప్ నిర్వహణ బృందంలో ఆయనతోపాటు బత్తుల బ్రహ్మారెడ్డి వంటి తెలుగు పేర్లు ఇంకా కనిపిస్తాయి. అందులో మామూలుగా వాడే పద్ధతికి ఆరు ముక్కలు, మూడు లెక్కలు, అంటే తొమ్మిది యంత్రాలు కావాలి. 2015లో మొదలైన తాడేపల్లిగూడెం ఎన్‌ఐటీ లాంటి చోట తొమ్మిది యంత్రాలు పెద్ద లెక్క కాదు. అన్ని లేని కాలేజీ కోసం చిన్న పద్ధతి కూడా ఉంది: మూడు ముక్కలు, రెండు లెక్కలు. మన చేపల రైతు అయిదు పుస్తకాలే. అయిదు పాత కంప్యూటర్లు, ఒక స్విచ్చు, కొన్ని కేబుళ్లు ఉంటే సరిపోతుంది.

చేసి చూసేవాళ్లకు రెండు జాగ్రత్తలు. ఫైలు పెద్దది తీసుకోవాలి. ఈ పద్ధతి సమాచారాన్ని ఒక్కో మెగాబైటు చొప్పున పంచుతుంది కాబట్టి, మెగాబైటుకు లోపున్న ఫైలు ఒకే యంత్రంలో పడుతుంది, దానికి రెండు లెక్కలు జతపడతాయి. అది మూడు ప్రతులతో సమానమై లాభం కనిపించదు. భువన్ నుంచో ల్యాండ్‌శాట్ నుంచో దించిన కొల్లేరు చిత్రం ఒకటి అయితే బాగుంటుంది. రెండోది, అయిదు యంత్రాలతో చదవడం మాత్రమే చూడగలరు. రెండిటి కేబుల్ పీకినా బొమ్మ తెరుచుకుంటుంది, మూడోది పీకితే తెరుచుకోదు. మరమ్మతు చూడాలంటే ఆరో యంత్రం కూడా కావాలి, లేకపోతే తిరిగి కట్టిన ముక్కను పెట్టే చోటు ఉండదు.

ఆరూ ఉన్నప్పుడు ఒకదాని కేబుల్ పీకితే మొదట ఏమీ జరగదు. హడూప్ తొందరపడదు, కేబుల్ ఎవరి కాలో తగిలి ఊడిందేమోనని పదిన్నర నిమిషాలు చూస్తుంది. ఆ తరవాత ఆ యంత్రం పోయిందని ఖాయం చేసుకుని పని మొదలుపెడుతుంది. పోయింది ఒక ముక్క అయినా, మిగిలినవాటిలో మూడు యంత్రాల డిస్కులు తిరుగుతాయి, వాటి దీపాలు కలిసి మినుకుమంటాయి. స్విచ్చు లెక్క తీసి చూస్తే పోయిన ముక్కకు మూడింతలు తీగ మీద నడిచినట్టు కనిపిస్తుంది.